షిఫ్ట్ టైమ్ మార్చే ముందు కంప్యూటర్‌లో నడిపి చూడండి: ఎమర్జెన్సీ రోస్టర్ వేసేవాళ్ల కోసం

రాత్రి ఎనిమిదింటికి మా ఎమర్జెన్సీ వెయిటింగ్ హాల్లో నిలబడటానికి చోటుండేది కాదు. ఉదయం ఎనిమిదింటికి అదే హాల్లో సగం కుర్చీలు ఖాళీ. డాక్టర్లు మాత్రం రెండు పూటలా ఒకే లెక్క. తొమ్మిదేళ్లు నర్సుగా, తర్వాత డ్యూటీ రోస్టర్లు వేసే మనిషిగా ఈ తేడా రోజూ నా కళ్ల ముందే ఉంది. అయినా నెలనెలా మీటింగ్‌లో అందరితో పాటు నేనూ ఒకటే మాట అనేదాన్ని: "స్టాఫ్ చాలడం లేదు."

ఒక మీటింగ్‌లో అకౌంట్స్ చూసే ఆయన తల ఎత్తి అడిగారు: "ఎంతమంది చాలడం లేదు సిస్టర్? ఏ గంటలో?" వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ సిమ్యులేషన్ దాకా వచ్చాను. నేను ప్రోగ్రామింగ్ చదువుకున్న మనిషిని కాదు. అందుకే ఇక్కడ నేను చేసిన వరుసలోనే చెబుతాను, పొరపాట్లతో సహా.

సిమ్యులేషన్ అంటే కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి ఎమర్జెన్సీ నడపడం. అందులో పేషెంట్లు వస్తారు, ట్రయాజ్ (ఎవరిది ఎంత అత్యవసరమో తేల్చడం) అవుతారు, డాక్టర్ కోసం కూర్చుంటారు, రక్తపరీక్షకు వెళ్లొస్తారు, ఇంటికో వార్డుకో పోతారు. గడియారం నిమిషం నిమిషం నడవదు. ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకు దూకుతుంది. అందుకే దీన్ని డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ అంటారు. ఆరు నెలల ఎమర్జెన్సీని మామూలు ల్యాప్‌టాప్ కొద్ది నిమిషాల్లో నడిపేస్తుంది. అసలు పేషెంట్ల మీద ప్రయోగం చేయకుండా "సాయంత్రం షిఫ్ట్ రెండు గంటలు ముందు మొదలైతే ఏమవుతుంది?" అని అడగొచ్చు.

ముందు ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి

"మా విభాగాన్ని మెరుగుపరచాలి" అనేది ప్రశ్న కాదు. దాన్ని పట్టుకుని మొదలుపెడితే ఆస్పత్రి మొత్తాన్ని మోడల్ చేయబోయి నాలుగో నెలలో వదిలేస్తారు. నేను మొదట ఆ పనే చేశాను. ఫార్మసీ కౌంటర్ కూడా మోడల్లో పెట్టాను, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు.

రెండోసారి కాగితం మీద ఒక్క వాక్యం రాసి గోడకు అంటించాను: డాక్టర్ల మొత్తం గంటలు పెంచకుండా, షిఫ్టులు మొదలయ్యే సమయాలు మార్చి, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు మధ్య వచ్చినవాళ్లు డాక్టర్‌ని చూడటానికి పట్టే సమయం తగ్గించగలమా? ఈ వాక్యంలో ఏం మార్చవచ్చో ఉంది, ఏం మారకూడదో ఉంది, దేన్ని కొలవాలో ఉంది. దీనికి సంబంధం లేనిది మోడల్లోకి రాకూడదు.

168 గళ్లు

వారానికి 168 గంటలు. ఆరు నెలల రిజిస్ట్రేషన్ డేటా తీసుకుని, వారంలో ఏ రోజు ఏ గంటలో ఎంతమంది వచ్చారో 168 గళ్ల పట్టికలో పెట్టండి. ఎక్సెల్ చాలు. ఒక్కో గడికి సుమారు 26 వారాల అంకెలు వస్తాయి. ప్రతి గడిలో సగటు చూడండి, హెచ్చుతగ్గుల కొలత అయిన వేరియన్స్ కూడా చూడండి. ఎవరికి వారుగా వచ్చే మనుషుల రాక పాయ్‌జాన్ పద్ధతిలో ఉంటుంది, అంటే సగటూ వేరియన్సూ దగ్గరదగ్గరగా ఉంటాయి. వేరియన్స్ బాగా ఎక్కువుంటే ఆ గడిలో వేరే ఏదో కలిసిందని అర్థం: పండగ రోజులు, జ్వరాల సీజన్, లేకపోతే పక్క ఆస్పత్రి నుంచి గుంపుగా వచ్చే రిఫరల్స్.

రాకతో పాటు మిగతా టైమ్‌లు కావాలి: ట్రయాజ్, బెడ్ ఇచ్చిన సమయం, డాక్టర్ మొదట చూసిన సమయం, పరీక్ష రాసినది, రిపోర్టు వచ్చినది, అడ్మిషనా డిశ్చార్జా అని తేల్చినది, మనిషి నిజంగా విభాగం వదిలి వెళ్లినది. చివరి రెండింటినీ కలిపేయకండి. వాటి మధ్య ఖాళీ ఏమిటో తర్వాత చెబుతాను.

కంప్యూటర్‌లో ఉన్న టైమ్ అంతా నిజం అనుకోకండి. నేను నర్సును కాబట్టి ఆ టైమ్‌లు ఎలా పుడతాయో తెలుసు. ప్రాణం మీదికొచ్చిన పేషెంట్‌కి ముందు ఆక్సిజన్ పెడతాం, రిజిస్ట్రేషన్ తర్వాత. అందువల్ల రికార్డులో డాక్టర్ చూసిన అరగంటకు పేషెంట్ "వస్తాడు". ఒక డాక్టర్ షిఫ్ట్‌కి రాగానే నాలుగు పేర్ల మీద క్లిక్ చేసి "నావి" అంటారు, ఇంకొకరు చూసిన రెండు గంటలకు నోట్సు రాస్తారు. రెండూ ఒకే కాలమ్‌లో "డాక్టర్ చూసిన సమయం"గా కూర్చుంటాయి. నిమిషాల అంకెలన్నీ 00, 15, 30, 45 దగ్గర కుప్పపడితే అవి గుర్తు తెచ్చుకుని టైప్ చేసినవి. అర్ధరాత్రి దాటిన కేసుల్లో మైనస్ నిమిషాలు వస్తాయి, వాటిని ముందే ఏరేయండి.

నియమం వల్ల కూడా డేటా వంగుతుంది. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను 4 గంటల్లోపు పంపించాలన్న లక్ష్యం పెట్టాక, పేషెంట్లు విభాగంలో ఉన్న సమయాన్ని గ్రాఫ్‌గా గీస్తే 4 గంటలకు కాస్త ముందు నిటారుగా ఒక శిఖరం లేచేది. ఆ శిఖరం జబ్బు వల్ల వచ్చింది కాదు, గడువు వల్ల వచ్చింది. మీ దగ్గర అలాంటి గడువు ఉంటే అదే వంపు మీ అంకెల్లోనూ వెతకండి.

శుభ్రం చేశాక ఒక చిన్న పరీక్ష. గంటకు సగటున 6 గురు వస్తూ, ఒక్కొక్కరు సగటున 4 గంటలు ఉంటే, ఏ సమయంలోనైనా లోపల సగటున 24 మంది ఉండాలి. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఇది, వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణించడమే. మీ రాకల అంకె, ఉండే సమయం, తలల లెక్క ఈ మూడూ పొసగకపోతే డేటాలో ఎక్కడో కన్నం ఉంది. మాకు పొసగలేదు. వెళ్లిపోయిన పేషెంట్లను సిస్టమ్‌లో రాత్రి షిఫ్ట్ చివర ఒకేసారి మూసేస్తున్నారని అప్పుడు తెలిసింది.

స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడండి

డాక్టర్ ఒక పేషెంట్ మీద నిజంగా ఎంతసేపు పెడతారు? ఇది ఏ రికార్డులోనూ దొరకదు. మొదటి చూపుకీ డిశ్చార్జికీ మధ్య మూడు గంటలుంటే, డాక్టర్ పని అందులో చిన్న ముక్కలు. పది నిమిషాలు చూస్తారు, రాస్తారు, ఫోన్ మాట్లాడతారు, రిపోర్టు వచ్చాక మళ్లీ వస్తారు, బంధువులకు చెబుతారు, మందులు రాస్తారు. మధ్యలో ఇంకో నలుగురిని చూస్తారు. మూడు గంటలనూ డాక్టర్ పనిగా మోడల్లో పెడితే మీకు ఇరవైమంది డాక్టర్లు కావాలని తేలుతుంది.

అందుకే అనుమతి తీసుకుని, డాక్టర్ల పేర్లు రాయకుండా, వేర్వేరు షిఫ్టుల్లో వెంట నడిచాను. మొదటి రోజు అంకెలు పక్కన పడేశాను. ఎవరైనా పక్కన గడియారం పట్టుకుని నిలబడితే మనిషి వేగం మారుతుంది. మూడో రోజుకి నన్ను మర్చిపోయారు. ట్రయాజ్ స్థాయి వారీగా, ఒక్కో స్థాయికి కనీసం ముప్పై కేసులు వచ్చేదాకా రాసుకోండి. నోట్సు రాసే సమయం విడిగా రాయండి, పేషెంట్ పక్కన లేకపోయినా అది డాక్టర్ సమయమే. నేను చూసిన షిఫ్టుల్లో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే: రాత కలపకపోతే మోడల్లో డాక్టర్లు హాయిగా ఉన్నారు, కలిపితే ఊపిరాడలేదు.

ఈ సమయాలను గ్రాఫ్ వేస్తే రెండు వైపులా సమంగా ఉండే గుడిగంట ఆకారం రాదు. ఎక్కువ కేసులు చిన్నవి, కొన్ని మాత్రం బాగా పొడవు, కుడివైపు పెద్ద తోక. లాగ్‌నార్మల్ ఆకారం దీనికి చాలాసార్లు సరిపోతుంది. సగటు తీసుకుని అందరికీ అదే ఇస్తే ఏమవుతుందో కింద చూడండి.

బొమ్మ మోడల్, ఎర్లాంగ్ పరీక్ష

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం వచ్చినా చాలు, దానికి సిమ్‌పై లైబ్రరీ ఉచితం. ఆర్ అనే భాష వాడేవాళ్లకు సిమ్మర్ ఉంది. కోడ్ వద్దనుకుంటే బొమ్మలు లాగి కలిపే అరీనా, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్ లాంటివి ఉన్నాయి, పూర్తి స్థాయిలో వాడాలంటే డబ్బు పెట్టాలి. నేను సిమ్‌పై తీసుకున్నాను, కారణం ఉచితం కావడమే.

మొదటి రోజే మీ ఆస్పత్రిని కట్టకండి. ఒక బొమ్మ కట్టండి: గంటకు సగటున 6 గురు, ఒక్కొక్కరికి సగటున 30 నిమిషాలు, 4 గురు డాక్టర్లు, ఒకటే క్యూ. వచ్చే విరామాలూ చూసే సమయాలూ రెండూ ఎక్స్‌పొనెన్షియల్ పద్ధతిలో, అంటే ఎక్కువగా చిన్నవి, అప్పుడప్పుడు బాగా పొడవైనవి. కాగితం లెక్కలో ఇది ముగ్గురు డాక్టర్ల పని, నలుగురున్నారు కాబట్టి ధారాళం అనిపిస్తుంది. దీనికి చేతి లెక్క ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్, ఎన్ని లైన్లు ఉంటే ఎంతసేపు ఆగాల్సి వస్తుందో తేల్చే సూత్రాలు 1917లో ప్రచురించాడు. ఆ సూత్రంలో మన బొమ్మ అంకెలు వేస్తే సగటున సుమారు 15 నిమిషాలు ఆగాలి. మీ ప్రోగ్రామ్ చాలా రోజులు నడిపాక అదే రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకండి.

నాకు మొదట 8 వచ్చింది. రెండు రోజులు కోడ్ మీద కూర్చున్నాక తెలిసింది, చూసే సమయాన్ని ఎక్స్‌పొనెన్షియల్ చేయడం మర్చిపోయి అందరికీ కచ్చితంగా 30 నిమిషాలు ఇచ్చాను. అంటే సమయాల్లో హెచ్చుతగ్గులు తీసేస్తే నిరీక్షణ దాదాపు సగమైంది. పొరపాటే గానీ అంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు. సగటులతో రోస్టర్ వేసేవాళ్లకు క్యూ ఎందుకు కనిపించదో ఆ రోజు అర్థమైంది.

ఆ బొమ్మతోనే ఇంకో పని చేయండి. డాక్టర్లు నలుగురే, రాక మాత్రం గంటకు 7 చేయండి. సగటు నిరీక్షణ 44 నిమిషాలవుతుంది. 7.5 చేయండి, గంటా 44 నిమిషాలు. అరమనిషి పెరిగినందుకు గంట! డాక్టర్లు 75 శాతం సమయం పనిలో ఉన్నప్పుడు 15 నిమిషాల్లో ఉన్నది, 94 శాతానికి వచ్చేసరికి చేయి దాటిపోయింది. "మా డాక్టర్లు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు" అనే మేనేజర్ ఎవరైనా ఉంటే ఈ మూడు అంకెలు చూపించండి.

అసలు మోడల్‌లో నేను పడ్డ గోతులు

మొదటిది రాకలు. తెల్లవారుజామున ఐదింటికి గంటకు ఒకరే వస్తారనుకోండి. ప్రోగ్రామ్ ఆ వేగంతో "తర్వాతి పేషెంట్ ఎప్పుడు?" అని తీస్తే ఒక్కోసారి రెండు మూడు గంటల విరామం పడుతుంది, ఉదయం రద్దీ మొదలైన సంగతే తెలియకుండా దాటేస్తుంది. దీనికి లూయిస్, షెడ్లర్ 1979లో చెప్పిన చిట్కా వాడండి. వారంలో అత్యంత రద్దీ గంట వేగంతోనే అన్ని గంటలకూ రాకలు పుట్టించండి, తర్వాత ఆ గంట నిజమైన వేగం నిష్పత్తిలో కొన్నిటిని ఉంచి మిగతావి తీసేయండి. అత్యధికం 12, ఈ గంటకు 3 అయితే, పుట్టిన ప్రతి నలుగురిలో సగటున ఒకరినే లోపలికి రానిస్తారు.

రెండోది డాక్టర్ మళ్లీ మళ్లీ రావడం. పేషెంట్ డాక్టర్‌ని ఒకసారి పట్టుకుని వదిలేయడం కాదు. మొదటి చూపు, డాక్టర్ విడుదల, ల్యాబ్ కోసం ఆగడం, మళ్లీ డాక్టర్ కోసం క్యూ, రెండో చూపు. ఆ రెండో చూపు క్యూలో కొత్త పేషెంట్ ముందా, పాత పేషెంట్ ముందా? ఎక్కడా రాసి ఉండదు, ఒక్కో డాక్టర్‌ది ఒక్కో అలవాటు. నేను గమనించిన నిష్పత్తి పెట్టుకున్నాను.

ప్రయారిటీ కూడా అంతే. ఐదు స్థాయిల ట్రయాజ్‌ని (ఒకటి అత్యవసరం, ఐదు తేలిక) మోడల్లో నిక్కచ్చిగా అమలు చేస్తే నాలుగు, ఐదు స్థాయిల వాళ్లు సాయంత్రమంతా కూర్చునే ఉంటారు, ఎందుకంటే మూడో స్థాయి వాళ్లు వస్తూనే ఉంటారు. నిజంలో అలా జరగదు. డాక్టర్ మధ్యలో ఒక కుట్టు కేసు, ఒక చెవినొప్పి తీసేసి వస్తారు. కాబట్టి ఎక్కువసేపు కూర్చున్నవాళ్ల ప్రయారిటీ నెమ్మదిగా పెరిగేలా రాయండి. మొదటి స్థాయి కేసుకు మాత్రం చేస్తున్న పని ఆపేసి పరిగెత్తాలి. సిమ్‌పైలో దీనికి ప్రీఎంప్టివ్ రిసోర్స్ (పనిలో ఉన్న డాక్టర్‌ని మధ్యలోనే లాక్కోనిచ్చే ఏర్పాటు) ఉంది, ఆగిపోయిన పేషెంట్‌కి మిగిలిన నిమిషాలు గుర్తుపెట్టుకోవడం మాత్రం మీరే రాయాలి. ఆ ఒక్క కేసుకి ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు నర్సులు ఒకేసారి కావాలని మర్చిపోకండి.

షిఫ్టుల దగ్గర సిమ్‌పై కొంచెం ఏడిపిస్తుంది. రిసోర్స్ సంఖ్యను, అంటే ఇక్కడ డాక్టర్ల సంఖ్యను, నడుస్తుండగా మార్చనివ్వదు. నా ఉపాయం: అందరు డాక్టర్లనూ 24 గంటలూ పెట్టి, డ్యూటీలో లేనప్పుడు ఒక దొంగ పేషెంట్ అత్యధిక ప్రయారిటీతో వచ్చి ఒక డాక్టర్‌ని పట్టుకుని కూర్చుంటాడు. డ్యూటీ టైమ్‌కి వదిలేస్తాడు. సిమ్మర్‌లో అయితే షెడ్యూల్ నేరుగా ఇవ్వొచ్చు. షిఫ్ట్ చివరి గంటలో కొత్త పెద్ద కేసులు ఎత్తుకోవడం తగ్గుతుంది, హ్యాండోవర్‌కి అందరివీ కలిపి కొన్ని నిమిషాలు పోతాయి, ఇవి కూడా పెట్టండి. అది ఎవరి బద్ధకమూ కాదు. సగం చూసిన కేసు ఇంకొకరికి అప్పగించడంలో ప్రమాదం ఉందని తెలిసినవాళ్లు చేసే పని. ఇది పెట్టకపోతే ముగ్గురు డాక్టర్లూ ఒకేసారి మారే రోస్టర్ కూడా మోడల్లో అద్భుతంగా కనిపిస్తుంది.

చూపించుకోకుండా వెళ్లిపోయేవాళ్ల దగ్గర ఒక మెలిక ఉంది. రికార్డులో వాళ్లు వెళ్లిన సమయం అని ఉన్నది, మేం పేరు పిలిచి లేరని తెలుసుకున్న సమయం. గంట క్రితమే వెళ్లి ఉండొచ్చు. పైగా ఓపిక గురించి వెళ్లిపోయినవాళ్ల అంకెలు మాత్రమే చూడకూడదు. రెండు గంటలు కూర్చుని చూపించుకున్న మనిషి "నా ఓపిక కనీసం రెండు గంటలు" అని చెబుతున్నాడు, ఆ సమాచారమూ వాడాలి. సర్వైవల్ అనాలిసిస్ (ఒక సంఘటన జరగడానికి ఎంతసేపు పడుతుందో ఇలాంటి సగం సమాచారంతోనూ అంచనా వేసే పద్ధతి) తెలిసినవాళ్లు పక్కనుంటే ఈ ముక్క వాళ్లకిచ్చేయండి.

ఇక అడ్మిషన్ తేలాక వార్డు బెడ్ కోసం ఎమర్జెన్సీలోనే పడి ఉండే సమయం. ఇందాక కలిపేయవద్దన్నది దీన్నే. ఈ పేషెంట్‌కి ఎమర్జెన్సీ డాక్టర్ పని అయిపోయింది, కానీ స్ట్రెచర్ పట్టుకునే ఉంటాడు, నర్సు పని ఇంకా ఉంటుంది. లోపల స్ట్రెచర్ ఖాళీ లేకపోతే బయట ఉన్నవాళ్లను చూడలేక డాక్టర్ చేతులు కట్టుకుని నిలబడాలి. మోడల్లో స్ట్రెచర్లను ఒక రిసోర్స్‌గా పెట్టకపోతే ఈ రోగం అసలు కనిపించదు.

ఇన్‌చార్జ్ సిస్టర్‌కి కథ చదివి వినిపించండి

మోడల్ అంకెలు నిజం అంకెలకు దగ్గరగా వచ్చాయని సంబరపడకండి. డేటాలో కొన్ని వారాలు పక్కన దాచి, మోడల్ కట్టడానికి వాడకుండా, చివర్లో వాటితో పోల్చండి. సగటు ఒక్కటే కాదు, గంట గంటకూ లోపల ఎంతమంది ఉన్నారనే వంపు కూడా సరిపోవాలి.

తర్వాత అంతకంటే ముఖ్యమైనది. మోడల్లో ఒక పేషెంట్ ప్రయాణాన్ని నిమిషాలతో ప్రింట్ తీసి, ఎన్నో ఏళ్లుగా షిఫ్ట్ నడుపుతున్న మనిషికి చదివి వినిపించండి. నేను చదువుతున్నాను: "19:42 డాక్టర్ చూశారు, 19:55 ఎక్స్‌రేకి వెళ్లారు, 20:20 తిరిగి వచ్చారు." మా ఇన్‌చార్జ్ సిస్టర్ ఆపారు. "ఎవరు తీసుకెళ్లారమ్మా?" నాకు అర్థం కాలేదు. "రాత్రి వార్డ్‌బాయ్ ఒక్కడే. వాడు వార్డుకి అడ్మిషన్ తీసుకెళ్తే ఎక్స్‌రేకి నా నర్సే వెళ్తుంది. నీ కంప్యూటర్‌లో ఆవిడ ఇక్కడే ఉందా?" ఉంది. నేనూ నర్సునే, ఆ స్ట్రెచర్లు నేనూ తోశాను, అయినా రాయడం మర్చిపోయాను. ఆ ఒక్క మార్పుతో సాయంత్రం నర్సుల పని వంపు ఆకారమే మారిపోయింది.

నడిపే పద్ధతి

అర్ధరాత్రి ఖాళీ ఎమర్జెన్సీతో మొదలుపెడితే మొదటి రోజులు అబద్ధం చెబుతాయి. మొదటి వారాన్ని నడిపి పారేయండి, తర్వాతి వారాల నుంచి కొలవండి. ఒక్కసారి నడిపి నమ్మకండి. వేర్వేరు యాదృచ్ఛిక సంఖ్యలతో ముప్పైసార్లు నడిపి, వచ్చిన సగటుల వ్యాప్తి చూడండి. వ్యాప్తి మీరు వెతుకుతున్న తేడా కంటే పెద్దదిగా ఉంటే ఇంకా నడపాలి. దాన్ని సగం చేయడానికి నాలుగు రెట్లు నడపాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

రెండు రోస్టర్లను పోల్చేటప్పుడు రెండింటికీ అవే పేషెంట్లు, అదే సమయానికి, అదే జబ్బుతో రావాలి. అంటే రాకలకు ఒకటి, చూసే సమయాలకు ఒకటి, పరీక్షలకు ఒకటి, ఇలా విడివిడి సంఖ్యల వరుసలు పెట్టి రెండు రోస్టర్లకూ అవే ఇవ్వాలి. లేకపోతే ఒక రోస్టర్‌కి తేలిక వారం, ఇంకోదానికి బస్సు ప్రమాదం వారం తగిలి, గెలిచింది రోస్టర్ అనుకుంటారు.

సగటు నిరీక్షణ కంటే, పదిమందిలో తొమ్మిదిమందిని ఎంతలోపు చూశారో కొలవండి. దాంతో పాటు గంట వారీగా డాక్టర్లు ఎంత శాతం పనిలో ఉన్నారు, షిఫ్ట్ అయ్యాక ఎంతసేపు ఆగిపోయారు, ఎంతమంది చూపించుకోకుండా వెళ్లారు. డాక్టర్లు రోజూ గంటన్నర ఆలస్యంగా ఇంటికి వెళ్తేనే గెలిచే రోస్టర్‌ని నేను గెలుపు అనను.

ఏం మార్చి చూడాలి

ముందు గంటలు కదపండి, పెంచకండి. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉంటే చాలా సమయం మిగులుతుంది. డాక్టర్ల అవసరం రాకల వెంట కొంచెం ఆలస్యంగా నడుస్తుంది, ఎందుకంటే పదకొండుకి వచ్చిన మనిషి రెండో చూపు ఒంటిగంటకు. నర్సుల అవసరం రాకల వెంట కాదు, లోపల ఉన్న తలల వెంట నడుస్తుంది, కాబట్టి ఇంకా ఆలస్యంగా శిఖరానికి చేరుతుంది. అయినా డాక్టర్లకీ నర్సులకీ ఒకే షిఫ్ట్ టైమ్ పెడతాం, ఒకే గడియారం చూసుకోవచ్చని.

కొలంబియా యూనివర్సిటీకి చెందిన లిండా గ్రీన్, ఆమె సహ పరిశోధకులు 2006లో ప్రచురించిన పని నాకు ధైర్యం ఇచ్చింది. వాళ్లది సిమ్యులేషన్ కాదు, క్యూ లెక్కలు, కానీ ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఒక నగర ఆస్పత్రి ఎమర్జెన్సీలో వారంలో 4 రోజులు మొత్తం గంటలు పెంచకుండా సర్దుబాటు మాత్రమే చేశారు. ఆ రోజుల్లో వచ్చేవాళ్లు పెరిగినా, చూపించుకోకుండా వెళ్లిపోయేవాళ్లు ఐదో వంతుకు పైగా తగ్గారు.

నేను నడిపిన వాటిలో మూడు చెబుతాను. ముగ్గురూ ఒకేసారి మారే పద్ధతి తీసేసి, ఒక్కొక్కరు రెండు గంటల తేడాతో మొదలయ్యేలా చేస్తే, షిఫ్ట్ మార్పు సమయంలో వచ్చే గుంట పూడిపోయింది. ఉదయం షిఫ్ట్‌లో ఒక డాక్టర్‌ని సాయంత్రం నాలుగింటికి జరిపితే సాయంత్రం బాగా మెరుగై, ఉదయం పదకొండు దగ్గర కొంచెం పాడైంది. ఆ పాడైన సంగతి దాచకుండా చూపించాను, లేకపోతే ఉదయం డాక్టర్లు నన్ను మళ్లీ నమ్మేవాళ్లు కాదు. మూడోది, అందరూ ఏళ్ల తరబడి అడుగుతున్న అదనపు రాత్రి డాక్టర్. మోడల్లో పెడితే నిరీక్షణ దాదాపు కదల్లేదు. స్ట్రెచర్లన్నీ వార్డు బెడ్ కోసం ఎదురుచూసేవాళ్లతో నిండి ఉన్నాయి, కొత్త డాక్టర్‌కి చూడటానికి చోటే లేదు. అదే డాక్టర్‌ని తీసేసి, వార్డులో డిశ్చార్జిలు సాయంత్రం బదులు మధ్యాహ్నంలోపు అయ్యేలా మారిస్తే రాత్రి క్యూ కరిగింది. ఎమర్జెన్సీ సమస్యకు మందు పై అంతస్తులో ఉందని ఎమర్జెన్సీ వాళ్లే చెబితే ఎవరూ వినరు, గ్రాఫ్ చెబితే విన్నారు.

రోస్టర్ ఎంత బాగా వచ్చినా రెండు డ్యూటీల మధ్య విశ్రాంతి, వరుస నైట్లు, సెలవులు చూసుకోండి. కంప్యూటర్‌కి నిద్ర అక్కర్లేదు, అది మీరు నియమంగా చెప్పకపోతే మనుషుల్ని పిండేసే రోస్టర్‌నే మంచిదంటుంది.

మీటింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు

మొదటి పేజీలో ఫలితం కాదు, ఊహల జాబితా పెట్టండి. ఏ సమయం కొలిచింది, ఏది అడిగి తెలుసుకున్నది, ఏది నా అంచనా. వాదించేవాళ్లు నాతో కాకుండా ఆ జాబితాతో వాదించారు. "రెండో చూపుకి ఎనిమిది నిమిషాలు కాదు, పన్నెండు" అన్నారొకరు. అక్కడే పన్నెండు వేసి నడిపాం. ఏ రోస్టర్ మెరుగన్నది మారలేదు. మారి ఉంటే అది కూడా తెలుసుకోవాల్సిన సంగతే.

రోస్టర్‌ని ఆరు వారాలు ప్రయోగంగా పెట్టండి. ముందే రాసిపెట్టుకోండి, మోడల్ ఎంత తగ్గుతుందంది, ఎంత తగ్గితే ఉంచుతాం, ఏం పాడైతే ఆపేస్తాం. మాకు సాయంత్రం నిరీక్షణ తగ్గింది, మోడల్ చెప్పినంత కాదు. ఎందుకో తేలడానికి మళ్లీ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నాలుగింటికి వచ్చిన డాక్టర్ మొదటి పేషెంట్‌ని చూసి, నోట్సు రాయడానికి కంప్యూటర్ ఖాళీ లేక నిలబడి ఉన్నారు. ఉన్న వాటి ముందు పాత షిఫ్ట్ వాళ్లు కూర్చున్నారు. ఇప్పుడు నా మోడల్లో కంప్యూటర్లు కూడా ఒక రిసోర్స్.